మగవాళ్ళ వైపు చాప

గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటుగా నేను పనిచేసింది మూడేళ్ళు. పోస్టింగు నెల్లూరు తీరంలోని ఒక మత్స్యకార గ్రామం. చేరిన రెండో ఏడాది, నవంబరులో వాయుగుండం తుఫానుగా మారిన రోజు సంగతి ఇది.

హెచ్చరిక వస్తే మా పని మూడు భాగాలు: పడవలను జువ్వలదిన్నె హార్బరుకు పంపించడం, పూరిళ్ళవాళ్ళను తరలించడం, వాళ్ళు తలదాచుకునే భవనం గట్టిదని ధ్రువీకరించడం. ఊరి తుఫాను షెల్టరు స్లాబులో ఇనుము తుప్పుపట్టి బయటపడింది కాబట్టి దాన్ని పక్కనపెట్టాను. మిగిలిన పక్కా కట్టడం ప్రార్థనా మందిరం ఒక్కటే. ఊరంతా అయ్యగారు అని పిలిచే పాస్టరు అడిగిన వెంటనే తాళం తీశారు. ముసలివాళ్ళను తానే మోసుకొచ్చారు. ఆదివారం ఆరాధనలో లాగే కుడివైపు మగవాళ్ళకు, ఎడమవైపు ఆడవాళ్ళకు చాపలు పరిపించి, మధ్యలో దారి వదిలారు.

మధ్యాహ్నం లిల్లీ తన తల్లి మరియమ్మను వీపున వేసుకుని వచ్చింది. మరియమ్మకు పక్షవాతం. మింగడం కష్టం; నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచి, చెంచాతో కొంచెం కొంచెంగా పెట్టాలి. ఆ పని తెలిసింది లిల్లీ ఒక్కదానికే. లిల్లీ చిన్నప్పుడు ఆ మందిరంలోనే ప్రసాదు అనే పేరుతో బాప్తిస్మం తీసుకుంది. ఇప్పుడు చీర కట్టుకుంటుంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తిగా కలెక్టరు ఇచ్చిన గుర్తింపు కార్డు ఉంది.

అయ్యగారు ఆమెను గుమ్మంలో ఆపారు. “అమ్మను అటు పండుకోబెట్టు. నువ్వు చొక్కా తొడుక్కొని ఇటు రా ప్రసాదూ. నా పక్కనే చాప వేస్తా.”

లోపలి నుంచి చేపలమ్మే రత్నమ్మ అంది: “నా పక్కన పండుకోనీండి అయ్యగారా. నా గురకకి అదే పారిపోద్ది.”

ఆడవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు.

సహాయ శిబిరంలో ఎవరికీ ప్రవేశం కాదనకూడదనీ, వివక్ష చూపకూడదనీ నిబంధన ఉందని నేను చెప్పాను. “నేను కాదన్లేదే బాబూ, రమ్మంటుండా,” అన్నారాయన. “దేవుడు మగోడిగా పుట్టించినోణ్ణి ఆడోళ్ళ మధ్య పండుకోబెట్టమంటే మాత్రం నా వల్ల కాదు.” ఆ గొంతులో కోపం లేదు. తహసీల్దారుకు ఫోను చేశాను. భవనం వాళ్ళది, తాళం వేస్తే ఊరు రోడ్డున పడుతుంది, ఎలాగో సర్దుబాటు చేయమన్నారు.

గాలి పెరిగింది. “చొక్కా ఇయ్యండి,” అంది లిల్లీ. విప్పిన చీర మడిచి తల్లి తల కింద పెట్టి, అయ్యగారి చొక్కా, లుంగీ తొడుక్కుని కుడివైపు వెళ్ళింది. సమస్య తీరిందని అందరం అనుకున్నాం.

సాయంత్రం గంజి వచ్చింది. లిల్లీ లేచి తల్లి దగ్గరికి బయల్దేరితే సంఘ పెద్ద చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆడోళ్ళు పండుకోనుండారు. మగోడివి, అటు యాడికి?”

“అమ్మకి గంజి పెట్టాలన్నా.”

“అంతమంది ఆడోళ్ళు లేరా అక్కడ?”

ఉన్నారు. పక్క చాప మీది ముసలావిడ జాలిపడి, పడుకున్న మరియమ్మ నోట్లో గ్లాసుతో గంజి పోసింది. “కూర్చోబెట్టండి, కూర్చోబెట్టి పొయ్యండి,” అని లిల్లీ అరుస్తూనే ఉంది. వరండా రేకుల మీద వాన హోరులో అటు వినపడలేదు. మరియమ్మ దగ్గి, పెదాలు నల్లబడ్డాక, లిల్లీ అతన్ని తోసుకుని దారి దాటింది. అప్పటికే గంజి ఊపిరితిత్తుల్లోకి పోయింది.

రోడ్డు మీద రాకపోకలు మొదలయ్యాక మరియమ్మను నెల్లూరు ఆసుపత్రిలో చేర్పించాం. వారం తిరక్కముందే పోయింది. సమాధి దగ్గర అయ్యగారు నిజంగానే ఏడ్చారు. “కొడుకును రమ్మనండి,” అన్నారు. లిల్లీ వెళ్ళి మట్టి వేసింది.

విచారణ జరపమని పై అధికారులకు రాశాను. జవాబు వచ్చింది: ప్రవేశం నిరాకరించలేదు, ఆహారం అందింది, మరణం శిబిరంలో జరగలేదు. మూడూ నిజమే.

మరుసటి ఏడాది రాజీనామా చేశాను. ఇప్పుడు నాయుడుపేటలో ఇళ్ళ ప్లాన్లు గీస్తున్నాను. ఆ శిబిరంలో నేను నేర్చుకున్నది ఇది: చట్టం మనిషిని గుమ్మం దాటించగలదు, లోపల ఆమె ఎవరో తేల్చే అధికారం భవనం ఇచ్చినవాళ్ళకే వదిలేస్తే, ఒక్క నిబంధనా తప్పకుండానే ప్రాణం పోతుంది. దాన్ని ఆపే నిబంధన ఎలా రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.