సుంకమ్మ ముందు నమిలిన మాత్ర

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది నన్ను బెంగళూరు శివారులో జిగణి వైపున్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఫార్మసిస్టుగా వేశారు. రిటైరయ్యే ముందు అదే నా చివరి పోస్టింగు. నిజానికి నా పని స్టోరులో మందులు చూసుకోవడం. కానీ అక్కడి భవన కార్మికుల షెడ్లలో ఎక్కువమంది అనంతపురం వైపు వాళ్ళు, మా డాక్టరమ్మకు తెలుగు రాదు. అందుకని నులిపురుగుల మాత్రలు వేసే రోజున ఆశా కార్యకర్తతో పాటు నన్నూ పంపేవారు.

ఆ మాత్ర పేరు ఆల్బెండజోల్. పిల్లలకు ఏడాదికి రెండుసార్లు ఇస్తాం. ఇంటికి ఇచ్చి పంపకూడదు, మన కళ్ళ ముందే నమిలించాలి. జ్వరంగా ఉన్నవాళ్ళకు ఆ రోజు వేయకూడదు. ఈ నియమాలన్నీ నాకు కంఠతా వచ్చు. తల్లులతో మాత్రం, "ఏమీ కాదమ్మా, చాక్లెట్టులా ఉంటుంది" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి.

మొదటి విడత సాఫీగా జరిగిందనుకున్నాను. రెండో విడతకు వెళ్ళేసరికి సుంకమ్మ అనే తాపీ కూలీ తన ఇద్దరు ఆడపిల్లల్నీ వెనక్కి దాచుకుంది. చిన్నదానికి నాలుగేళ్ళు. పోయినసారి జ్వరం వల్ల మాత్ర పడలేదు. ముఖం పాలిపోయి, పొట్ట ఉబ్బి ఉంది. రక్తం తక్కువగా ఉందని, ఈసారి తప్పకుండా వేసి రమ్మని డాక్టరమ్మ మరీమరీ చెప్పారు. సుంకమ్మ ససేమిరా అంది. పోయినసారి మాత్ర తిన్న మర్నాడు పెద్దది వాంతి చేసుకుందట, అందులో జానెడు ఏలికపాము పడిందట.

"తినకముందు పురుగు లేదు సార్, తిన్నంక వచ్చె. నీ మాత్రలోనే ఉండాది" అంది. అది విని మరో ఇద్దరు తల్లులు కూడా పిల్లల్ని లాక్కుపోయారు.

నాకు ముందు ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే ఆమె తర్కంలో తప్పేమీ కనిపించలేదు. కడుపులో పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లలకు అలా జరగవచ్చని నాకు తెలుసు. భయపెట్టడం ఎందుకని నేనే ఆ మాట దాచాను. అదే ఆమెతో ఒప్పుకున్నాను. కడుపునొప్పి రావచ్చని, పురుగు పడితే అది లోపల ఉన్నదేనని, నొప్పి ఎక్కువైతే వెంటనే కేంద్రానికి రమ్మని చెప్పాను.

"అట్లయితే ముందు నువ్వు తిను సార్" అంది.

నమిలాను. సుద్దముక్క మీద చక్కెర చల్లినట్టుంది. తల్లులందరికీ చాక్లెట్టని చెప్పినవాణ్ణి, ఒక్కసారీ నోట పెట్టలేదు. నా ముఖం చూసి షెడ్డంతా నవ్వింది. సుంకమ్మ నవ్వుతూనే పిల్లలిద్దరిచేతా దగ్గర కూర్చుని నమిలించింది.

మూడో రోజు ఆమె కేంద్రానికి వచ్చింది. వెంట ఆ ఇద్దరు తల్లులు, వాళ్ళ పిల్లలు.

"చిన్నదానికీ పురుగు పడింది సార్. నువ్వు చెప్పింటివే, అందుకే భయపడలేదు. వీళ్ళ పిల్లోళ్ళకీ వేయి" అంది.

ఆ రోజు నాకు కలిగిన సంతోషం మరే పోస్టింగులోనూ కలగలేదు. మందు ఏం చేస్తుందో ముందే చెప్పకపోతే, అది సరిగ్గా పనిచేసినప్పుడే జనం దాన్ని నమ్మడం మానేస్తారు.