హార్మోను వచ్చేలోపు రొయ్యల ఇగురు

ఒక్క గిన్నె కూరతో పరువు పోగొట్టుకున్నవాణ్ణి ఎక్కడైనా చూశారా? ఇదిగో, నేనే. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి. మీరు నవ్వండి, ఫర్వాలేదు.

సిడ్నీలో చదువుకునే రోజులు. హారిస్ పార్కు అనే పేటలో స్నేహితుల ఇంట్లో ఫ్రిజ్ పక్కన పరుపు వేసుకుని పడుకునేవాణ్ణి. ఎవరికి దాహమేసినా ముందు నా కాలు తొక్కాల్సిందే. అలాంటప్పుడు టూంగాబీలో సుగుణ ఆంటీ వాళ్లింట్లో గది ఖాళీగా ఉందని తెలిసింది. తెనాలివాళ్లు. గదితోపాటు భోజనం కూడానట! "ఆదివారం భోజనానికి రా బాబూ, చూసి మాట్లాడుకుందాం" అన్నారావిడ. చూసేది గదిని కాదు, నన్ను. పెళ్లిచూపులకైనా అంత శ్రద్ధగా ఇస్త్రీ చేసుకుని ఉండను.

సరిగ్గా అప్పుడే యూనివర్సిటీలో జీర్ణక్రియ పాఠం అయింది. కొత్తగా అబ్బిన చదువు నోట్లో ఆగుతుందా?

ఆ ఆదివారం ఆంటీ చర్చి నుంచి రాగానే నాకు వడ్డించేశారు. "అంకుల్ చర్చిలో కుర్చీలు సర్ది వస్తారు. నువ్వు తినెయ్ బాబూ, మేం తర్వాత తింటాం."

రొయ్యల ఇగురు వాసన తగలగానే మొదలెట్టాను. "చూశారా ఆంటీ, ముద్ద నోట్లో పెట్టకముందే మెదడు వేగస్ నరం మీదుగా కడుపుకి కబురు పంపేసింది. యాసిడ్ రెడీ!"

"అవునా! ఇంకొంచెం వేసుకో."

వేసుకున్నాను. రెండుసార్లు వద్దని, మూడోసారి చెంచాడు వేయించుకోవాలని అమ్మ నేర్పిన మర్యాద విమానంలోనే జారిపోయినట్టుంది.

"చాలని చెప్పాల్సింది మాత్రం హార్మోను ఆంటీ. కొవ్వు చిన్నపేగులోకి దిగాక కొలిసిస్టోకైనిన్ పుడుతుంది. నరమైతే ఫోన్ కాల్. ఇది రక్తంలో ఈదుకుంటూ రావాలి. పావుగంట పైమాటే."

"అంటే... అది వచ్చేదాకా తింటూనే ఉంటావా బాబూ?"

"ఎంతైనా తినొచ్చు ఆంటీ!"

"అడుగున కాస్తే ఉంది, వేసెయ్యమంటావా?" ఆవిడ గొంతు అప్పటికే సన్నబడింది. అది వద్దనాల్సిన చోటని నాకు తట్టలేదు. మిగల్చడమెందుకని గిన్నెలోనే అన్నం కలుపుకున్నాను.

అంతలో అంకుల్ వచ్చారు. "సుగుణా, వాసన గేటు దాకా వచ్చేసింది! వారం నుంచి అడుగుతుంటే ఇవాళ చేసింది బాబూ" అంటూ గిన్నె దగ్గరికి లాక్కున్నారు. చూశారు. వంచి మళ్లీ చూశారు.

నా నోరు ఎండిపోయింది. భయపడితే, సిగ్గుపడితే ఇంకో రకం నరాలు పూనుకుని కడుపు పనిని ఆపేస్తాయని అదే పాఠంలో ఉంది. అక్షరాలా నిజం. తిన్న రొయ్యలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"సారీ అంకుల్... అది... హార్మోను..."

"హార్మోనేంటి బాబూ?"

ఆంటీ బ్రెడ్డు కాల్చడానికి లేచారు. ఇంతసేపూ ఎదురుగా కూర్చుని విన్నది వాళ్లమ్మాయి రేచెల్. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే. ఖాళీ గిన్నె చూసి, నన్ను చూసి, "మమ్, హాజ్ హిజ్ హార్మోన్ కమ్ యెట్?" అంది.

భూమి చీలితే బావుండుననిపించింది. టూంగాబీలో అలాంటి సదుపాయం లేదు.

అంకుల్ బ్రెడ్డు మీద ఆవకాయ రాసుకుని నిదానంగా నమిలారు. "కుర్రాడు మంచోడే సుగుణా, గది ఇచ్చేద్దాం. కాకపోతే ఇకనించి ముందు మనం తినేసి, అప్పుడు అబ్బాయిని పిలుద్దాం."

ఇందుమూలంగా లోకంలోని సమస్త ఆంటీలకు విన్నవించుకునేది ఏమనగా, ఇంట్లో ఆఖరి మనిషి చెయ్యి కడుక్కునేదాకా నేను గిన్నె అడుగు చూడను. మీరెంత బతిమాలినా సరే.