పొట్ట ఉన్న చిత్రిక

మా ఆయన్ని ఊళ్లో రసమట్టం అంటారు. ఎవరు పెట్టారో గానీ ఆ పేరు అసలు పేరుని మింగేసింది. చొక్కా జేబులో వేలెడంత రసమట్టం లేకుండా ఈయన గడప దాటరు. దేనిమీదైనా దాన్ని పెట్టి చూసి, గాజుగొట్టంలో బుడగ నడిమధ్యకి వస్తే సంతోషం. రాకపోతే ఇక మనశ్శాంతి లేదు, ఆయనకీ లేదు, పక్కనున్న నాకూ లేదు. చుట్టాలింటికి వెళ్తే పలకరింపులైనా కాకముందే గోడమీది ఫోటోలు సర్దుతారు. నాకు ఆపరేషన్ అయి ఆస్పత్రిలో పడుంటే, ఎలా ఉన్నావని అడగడం తర్వాత సంగతి, ముందు నా మంచం కోడు కింద అట్టముక్క మడిచి పెట్టారు. అలాంటి మనిషితో కాపురం. నవ్వాలో ఏడవాలో తెలియక చాలాసార్లు రెండూ చేశాను.

తలుపులు, కిటికీలు చేయడం ఆయన పని. ఆయన బిగించిన తలుపు ఎంతవరకు తెరిస్తే అక్కడే ఆగుతుంది, తనంతట తాను మూసుకోదు. ఆ తలుపుల మాట మాత్రం ఆయన ముందు ఎత్తకూడదు, ఎత్తితే ఆయన చెప్పడం ముగించి మనం ఇంటికి వెళ్లేసరికి పొద్దుపోతుంది. ఇప్పుడు మోకాళ్లు మొరాయించి పని మానేశారు. మా అమ్మాయికీ ఈ చెక్కపిచ్చే పట్టింది. ఆడపిల్లకి రంపం ఎందుకన్న మేనత్తల నోళ్లు మూయించి, పెద్ద దుకాణంలో పని నేర్చుకుని, సొంతంగా కుర్చీలు, బల్లలు చేసే షెడ్డు పెట్టుకుంటోంది. నాన్న పనిముట్లన్నీ దానికే. అవి చాలవన్నట్టు, చెక్కని తోసి నునుపు చేసే పనిముట్టు ఇంకొకటి అడిగింది.

"నాన్నా, తాతయ్య చిత్రిక ఉందటగా ట్రంకుపెట్టెలో. అది కూడా ఇవ్వు."

ఆయన మొహం మాడిపోయింది. "అది పనికిరాదమ్మా."

"పనికిరాకపోతే నేను బాగుచేసుకుంటాలే."

"నేనే చేసిస్తాను. కొత్త షెడ్డులో వంకర పనిముట్టు పెట్టుకుని మొదలుపెడతావా ఏంటి?"

ఆ వంకర సంగతి నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో ఒకసారి చెప్పారు, మళ్లీ ఎత్తలేదు. మామగారు కూడా వడ్రంగే. ఈయనకి ఊహ తెలిసీ తెలియకముందే పోయారు. ఏదో కంపెనీలో చెక్కపని అనే తప్ప అక్కడాయన ఏం చేసేవారో అత్తగారికీ తెలియదు. కారేజీ కట్టివ్వడం వరకే ఆవిడ లోకం. ఆయనది అంటూ మిగిలింది ఈ చిత్రిక ఒక్కటే. మీసాలు రాని వయసులో తలుపుల మేస్త్రీ దగ్గర పనికి చేరినరోజు, ఈయన దాన్ని గొప్పగా సంచిలో పెట్టుకుని పోయారట. తలుపు చెక్కమీద పెట్టి తోస్తే నున్నగా రావాల్సింది పోయి గుంట పడింది. ఇంకోసారి తోస్తే ఇంకో గుంట. మేస్త్రీ చిత్రికను తిరగేసి చూశాడు. ఏ చిత్రికకైనా అడుగు పలకలా చదునుగా ఉంటుంది. దీనికి ముందూ వెనకా పైకి లేచి, నడుమ పొట్ట ఉంది.

"మీ నాన్న దీంతోనేనా పని వెలగబెట్టింది? పాపం, ఆ తలుపులు ఎవరింటికి పోయాయో!" అన్నాడట. షెడ్డంతా ఘొల్లుమని నవ్విందట.

ఆరోజు నుంచీ చిత్రిక ట్రంకుపెట్టెలోకి, రసమట్టం జేబులోకి. ఆ మేస్త్రీ అంటే నాకు ఇప్పటికీ ఒళ్లుమంట. తండ్రి లేని పిల్లాడితో అనాల్సిన మాటేనా అది? మనిషి పోయి చాలాకాలమైంది కాబట్టి బతికిపోయాడు గానీ, లేకపోతే నా నోటికి దొరికేవాడు.

మర్నాడు పొద్దున్నే వెనక వరండాలో చాప పరిచి పని మొదలుపెట్టారు. చిత్రిక మూరెడు కూడా లేదు. జిడ్డు పట్టి, దుమ్ము గట్టిపడి, చెక్కో బొగ్గో తెలియనట్టుంది. బ్లేడుని నొక్కిపట్టే చెక్క చీల ఊడిరానంటే రానంది. ఆయన దాన్ని చెక్కసుత్తితో వెనకనుంచి చిన్నగా తట్టారు, ఆగారు, మళ్లీ తట్టారు. చంటిదాన్ని నిద్ర లేపుతున్నట్టే ఉంది ఆ తట్టడం. చివరికి చీల కదిలింది. తుప్పు పట్టిన బ్లేడుని కిరసనాయిల్లో నానబెట్టి, సానమీద రుద్ది, బొటనవేలి గోరుమీద పదును చూసుకున్నారు.

"ఇనుము మాత్రం మంచిదే," అన్నారు. అదేదో తండ్రికి సంబంధం లేని సంగతైనట్టు.

నేను పక్కన కూర్చుని బీన్స్ తుంచుతున్నాను. ఊరికే ఉండలేను కదా. "ఏవండీ, నాకో అనుమానం. నా చెప్పు అరిగితే మడమ దగ్గర గుంట పడుతుంది. అరిగిన దానికి పొట్ట ఎలా వచ్చిందండీ?"

"ముందూ వెనకా అరిగింది, నడుమ మిగిలింది. చెయ్యి నిలకడ లేనివాడు తోసేటప్పుడు మొదట్లో ముక్కు దించుతాడు, చివర్లో తోక దించుతాడు. అలా ఏళ్ల తరబడి తోస్తే ఇదిగో, ఇలాగే తయారవుతుంది." ఆ మాట అంటూ నావైపు చూడలేదు. "నెలకోసారి అడుగు చదును చేసుకోవాలి. అదీ చేసుకోలేదు."

పని తెలిసినవాళ్లు చెప్పే మాటకి అడ్డం ఏముంటుంది? ఆయన మనసులో ఉన్నది నాకు అర్థమైంది. కూతురు దీన్ని తిరగేసి చూసి, తాతయ్య ఇంత చేతకానివాడా అని అనుకోకూడదు. ఎవరూ చూడకముందే ఆ పొట్ట తీసేయాలి.

తడిగుడ్డతో, ఆపైన నూనెగుడ్డతో తుడుస్తుంటే కింద ఎర్రటి చెక్క బయటపడింది. ముందువైపు మూలలో ఏదో గుర్తు కూడా. గుండ్రటి ఉలితో ఒక్క దెబ్బ కొట్టిన నెలవంక, దాని పక్కన మేకుతో పొడిచిన రెండు చుక్కలు. పదిమంది పనిచేసే చోట పనిముట్లూ, చేసిన వస్తువులూ తారుమారు కాకుండా అలా ఎవరి గుర్తు వాళ్లు కొట్టుకుంటారని చెప్పారు. నేను దానిమీద వేలు పెట్టి చూశాను. ఎక్కడో తగిలిన గుర్తులా అనిపించింది. కుక్కరు కూత పెట్టడంతో లేచి వెళ్లిపోయాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను లైబ్రరీకి పోవడం అలవాటు. మా వీధి చివర మునిసిపల్ లైబ్రరీ ఉంది. వారపత్రికలు చదవడానికని ఇంట్లో చెప్తాను. నిజానికి అక్కడి కుర్చీ కోసం. ఆపరేషన్ తర్వాత నా నడుము ఏ కుర్చీలోనూ కుదురుగా ఉండదు. మా ఆయన చేసిన కుర్చీ ఒకటుంది ఇంట్లో, బుడగ నడిమధ్యకి వస్తుంది, నా నడుం మాత్రం విరుగుతుంది. లైబ్రరీలో పాత చెక్కకుర్చీలు. వాటి వీపు లోపలికి వంపు తిరిగి, మనిషిని చెయ్యేసి పట్టుకున్నట్టు ఉంటుంది. కిటికీ పక్కది నాది. ఎవరైనా అందులో కూర్చుంటే, వాళ్లు లేచేదాకా ఎదురుగా నిలబడి చూస్తాను. లేస్తారు.

ఆరోజూ కూర్చుని సీరియల్ చదువుతున్నాను. చదివేటప్పుడు నా కుడిచేతి వేళ్లు ఊరుకోవు, కుర్చీ చేతి కింద ఏదో గీతని గోకుతూ ఉంటాయి. ఎప్పటినుంచో అంతే. గోకుతూ గోకుతూ గతుక్కుమన్నాను. వంకీగా ఒక గాటు. పక్కన ఒక గుంట. ఇంకో గుంట.

పత్రిక కింద పడేసి, నేలమీద మోకాళ్లమీద కూర్చుని తల కుర్చీ కిందకి దూర్చాను. లైబ్రరీ అటెండరు పరిగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా, కళ్లు తిరిగాయా?"

"కళ్లు తిరగలేదు నాయనా, ఇప్పుడే తెరుచుకున్నాయి," అని ఇంటివైపు లగెత్తాను. ఈ నడుముతో, ఈ వయసులో.

వెళ్లేసరికి కొంప మునిగే ఉంది. గాజుపలక మీద గరుకు కాగితం అంటించి, చిత్రిక అడుగుని దానిమీద బరబరా రుద్దుతున్నారు. ఎర్రటి పొడి కుప్పపడి ఉంది. నడుమ పొట్ట దగ్గర అరచేతి మేర చదునైపోయింది.

"ఆపండి! మీకు దణ్ణం పెడతాను, చెయ్యి తీయండి!"

"ఏమైందే?"

చెప్పాను. కుర్చీ, గుర్తు, నా వేళ్లు, అన్నీ కలగాపులగంగా చెప్పాను. ఆయన విన్నారు. విని మళ్లీ చిత్రిక అందుకున్నారు. "నెలవంక ఎవడైనా కొడతాడు. ఉలి ఉన్న ప్రతివాడూ కొడతాడు."

"చూసొచ్చాక రుద్దుకోండి. ఎవరొద్దన్నారు?"

"చూడ్డానికి ఏముందక్కడ?"

భయం. నాకు తెలియదా ఆ గొంతు? ఉన్న అవమానానికి అలవాటుపడిపోయారు, కొత్తగా ఆశపడి అదీ పోతే తట్టుకోలేరు. బతిమాలితే వినే రకం కాదు. చేతిలోంచి చిత్రిక లాక్కుని, కూరల సంచిలో వేసుకుని వీధిలోకి నడిచాను. "ఏయ్, ఏయ్" అంటూ వెనకాల కుంటుకుంటూ వచ్చారు. ఎదురింటివాళ్లు అరుగుమీదకొచ్చి మరీ చూశారు. చూడనీ.

లైబ్రరీలో ఆయన కుర్చీని తిరగేసి గుర్తు చూశారు. పక్క కుర్చీ తిరగేశారు, దాని పక్కది, ఇవతలి వరసలోది. పేపరు చదువుకునే పెద్దమనుషుల్ని కూడా లేపి తిరగేశారు. అన్నింటికీ నెలవంక, రెండు చుక్కలు. తర్వాత నా కుర్చీ దగ్గరికొచ్చి, అలవాటుకొద్దీ జేబులోంచి రసమట్టం తీసి వంపు మీద పెట్టబోయి, ఆగి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. చిత్రిక తీసి, కుర్చీ వీపు వంపులో దాని పొట్ట ఆనించారు.

ముందు భాగం వంపుకి అతుక్కుపోయింది. వెనక భాగమూ అతుక్కుపోయింది. నడుమ మాత్రం కిటికీ వెలుతురు సన్నని గీతలా ఇటు వచ్చింది.

ఆయన ఆ గీతని చూస్తూ నిలబడిపోయారు. ఈ వంపు తీయడానికే ఆ పొట్ట. దాన్ని తలుపుచెక్క మీద పెడితే గుంట పడక ఏమవుతుంది? మామగారు తలుపులు చేసే మనిషే కాదు. కుర్చీలు చేసే మనిషి.

"ఈ సందు మా నాన్నది కాదు," అన్నారు చివరికి. "నాది. పొద్దున్న దాకా లేదు."

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మర్నాడు అటెండరుని బతిమాలుకుని, కుర్చీ వంపుకి సరిపోయేలా అట్టముక్క కత్తిరించి తెచ్చుకున్నారు. జీవితమంతా పొట్టలు తీసి చదును చేసిన మనిషి, ఇప్పుడు చదునుని పొట్ట చేయడానికి కూర్చున్నారు. నడుమ పోయిన చెక్క తిరిగి రాదు కాబట్టి, ముందూ వెనకా ఆ మేరకి తగ్గించుకు రావాలి. ఒకసారి గీకడం, అట్ట పెట్టి వెలుతురుకి చూడటం, చేత్తో తడమడం. "కంటికి తెలియడం లేదే, నువ్వు చూడు," అని నన్ను పిలిచేవారు. నేను చూసి చెప్తే నమ్మేవారు. ఇన్నేళ్ల కాపురంలో కొలత విషయంలో నా మాట నమ్మడం అదే మొదలు. ఆయన రుద్దుడికి బ్లేడు బయటికొచ్చే సందు కూడా వెడల్పయింది. అక్కడ గట్టి చెక్కముక్కని మాసికలా అతికించారు. పాతది ఎరుపు, కొత్తది పసుపు. కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

"రంగు వేస్తే తెలియదుగా?" అన్నాను.

"తెలియనీ."

ఆదివారం అమ్మాయి వచ్చింది. దానికి సంగతంతా చెప్పి, ముగ్గురం లైబ్రరీకి వెళ్లాం. ఆయన చిత్రికని కుర్చీ వంపులో పెట్టి పక్కకి జరిగారు.

"చూడమ్మా. వెలుతురు వస్తోందా?"

అది వంగి, ఒక కన్ను మూసి చూసింది. "లేదు నాన్నా."

"నడుమ చూడు. మాసిక దగ్గర."

"ఎక్కడా లేదు. ఇంత బాగా ఎవరు చేశారు దీన్ని?"

"మీ తాత," అన్నారు. "నేను పాడుచేసి బాగుచేశాను, అంతే."

అప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నారు. వీపు ఆనించారు. కాసేపటికి ఆయన భుజాలు కిందికి దిగాయి. ఆయన అలా వెనక్కి వాలి కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇంత మంచి పనివాడని నాకెవరూ చెప్పలేదే," అన్నారు నాతో.

నాకు దుఃఖం ఆగలేదు. "ఆ మేస్త్రీ ఇప్పుడుంటే, చెవి పట్టుకుని తీసుకొచ్చి ఇందులో కూర్చోబెట్టేదాన్ని!"

"ఆయన్ని అని ఏం లాభం?" అని కళ్లు తుడుచుకున్నారు. "ఆరోజు షెడ్డులో అందరూ నవ్వారని చెప్పానా. వాళ్లతోపాటు నేనూ నవ్వాను. నవ్వకపోతే పనిలో ఉండనివ్వరేమోనని."

ఇన్నేళ్లలో నాకు ఈ మాట చెప్పలేదు. అమ్మాయి చిత్రికని తీసుకొచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన దాని పొట్టమీద చెయ్యి వేసుకుని, లైబ్రరీ మూసేదాకా ఆ కుర్చీలోంచి లేవలేదు.