గాజు మీది ఆరంకెలు

పెళ్ళైన కొత్తలో మా ఆవిడకి ఒక సంఖ్య ఇచ్చాను. లక్షా నలభై రెండు వేల ఎనిమిది వందల యాభై ఏడు. అప్పట్లో బందరులో రోల్డ్ గోల్డు నగల పని నాది. రాగి గాజు చుట్టూ 142857 అని ఎడం లేకుండా చెక్కి, బంగారు పూత వేసి ఆవిడ చేతికి తొడిగాను. రెండుతో హెచ్చిస్తే 285714. మూడుతో 428571. ఆరు దాకా ఎంతతో హెచ్చించినా అవే అంకెలు, అదే వరస. మొదలయ్యే చోటు మారుతుందంతే. గాజుకి మొదలెక్కడ గనక, అందుకే గాజు మీద చెక్కానన్నాను. ఏడుతో హెచ్చిస్తే అన్నీ తొమ్మిదులే. అక్కడితో ఆపేసేవాణ్ణి.

ఇంతవరకూ నిజం. ఆర్నెల్లు నిద్ర మానుకుని నేనే కనిపెట్టానని ఆవిడతో అన్నది మాత్రం కాదు. అవనిగడ్డ బస్సులో పక్క సీటాయన టికెట్టు వెనక రాసి చూపించాడు. ఆర్నెల్లు కాదు, మోపిదేవి నుంచి అవనిగడ్డ దాకా.

మా బావగారు, అంటే ఆవిడ అన్నగారు, గుడివాడలో లెక్కల లెక్చరరు. అందుకని వాళ్ళింటికి బయల్దేరినప్పుడల్లా, పూత పోతుందని చెప్పి ఆ గాజు బీరువాలో పెట్టించేవాణ్ణి. మొన్న భోజనానికి పిలిస్తే మాత్రం ఆవిడ నా మాట వినలేదు. ఇన్నేళ్ళ అబద్ధం అన్నగారి నోట వింటే ఆవిడ మొహం ఎలా ఉంటుందోనని, పాసింజరు రైల్లో దారి పొడుగునా అదే బెంగ.

అనుకున్నంతా అయింది. ఆవిడ వడ్డిస్తుంటే ఆయన గాజు చూసి, చెయ్యి పట్టుకుని తిప్పి చదివారు. "మీ బావగారు కనిపెట్టిన సంఖ్యే అన్నయ్యా," అంది ఆవిడ.

ఆయన కళ్ళజోడు పైనించి నన్ను చూశారు. "అలాగా. అయితే బావగారూ, ఎనిమిదితో హెచ్చించి చూపించండి."

ఆయన పెన్నిస్తే, ఎడంచేత్తో పక్కనున్న పేపరు అంచు మీద వేశాను. 1142856. ఏడంకెలు తేలాయి, అందులో ఏడే లేదు. మళ్ళీ వేశాను, అంతే. ఇక ఒప్పేసుకుందామని నోరు తెరుస్తుంటే, పప్పు గిన్నెతోనే ఆవిడ పేపరు మీదికి వంగింది.

"ముందున్న ఒకటిని తీసేసి, చివర ఉన్న ఆరుకి కలపండి."

కలిపాను. 142857.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"ఎనిమిదో క్లాసులో అన్నయ్య నేర్పాడుగా."

ఒకటిని ఏడుతో భాగిస్తే చుక్క తర్వాత ఈ అంకెలే తిరిగి తిరిగి వస్తాయని బావగారు మెల్లిగా చెప్పారు. ఇంక దాచడానికేముంది, బస్సూ టికెట్టూ అన్నీ చెప్పేశాను. తొడిగిన రోజే తెలిసి ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నావని ఆవిణ్ణి అడిగాను.

"ఇంకేమేం కనిపెడతారో చూద్దామని. మళ్ళీ ఏదీ కనిపెట్టలేదు మీరు," అంటూ పప్పు వేసింది.

అప్పటిదాకా కెలుకుతూ కూర్చున్నవాణ్ణి, మారు అన్నం అడిగి మరీ పెట్టించుకున్నాను.