మార్జిన్‌లో సాక్ష్యం

కొత్తగా అచ్చయిన ఆర్ట్ పేపరు వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నా చెయ్యి పెన్సిల్ కోసం వెతుకుతుంది. మొన్న ఉదయం కూడా అంతే. నానక్‌రామ్‌గూడలో లేస్తున్న టవర్ల బ్రోషర్ నమూనా మాదాపూర్‌లోని మా ఆఫీసుకు వచ్చింది. అపార్ట్‌మెంట్లు అమ్ముకునే బిల్డర్లకు ఇంగ్లీషులో వర్ణనలు రాసిపెట్టడం మా పని. మొదటి పేజీలోనే లగ్జూరియస్, ఓపులెంట్, లావిష్, పలేషియల్ వరసగా నిలబడి ఉన్నాయి. ఇప్పుడు వీటిని కంప్యూటరే రాస్తోంది. అడిగితే క్షణంలో ముప్ఫై విశేషణాలు కుమ్మరిస్తుంది. దానికి సిగ్గు లేదంటే సరే, అది యంత్రం. ఆ కుప్పను చూసి తలూపుతూ సంతకం పెట్టే మాకేమైంది? నాకు ఒళ్లు మండింది. పేజీకి కుడివైపు ఒక్క అంగుళం ఖాళీ లేదు. సుగుణ మేడం అయితే ఆ కాగితాన్ని ముట్టుకునేవారు కాదు.

నేను ఈ ఆఫీసులో చేరినప్పుడు రాత విభాగానికి ఆవిడే పెద్ద. నల్గొండ వైపు మనిషి. ఇరవై ఏళ్లు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్ది, ఆ తర్వాత ఇటు వచ్చారు. మియాపూర్ నుంచి మెట్రోలో వచ్చేవారు. నూలు చీర, మోచేతికి గుడ్డసంచి, అందులో కొలిచే టేపు. ఇంగ్లీషు మాత్రం గ్లాసులో నీళ్లంత తేటగా రాసేవారు. నేను తెనాలి నుంచి కొత్తగా దిగినవాణ్ణి, డిగ్రీలో ఇంగ్లీషు ఫస్ట్ క్లాసని కాలర్ ఎగరేసే రోజులవి. మొదటి వారమే ఒక టవర్ గురించి పేజీ రాసి ఇచ్చాను. లాబీ ఓపులెంట్, మెట్లు లావిష్, పడగ్గది లగ్జూరియస్. ఆవిడ చదివి, కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"ఏంది శేఖర్, గీ మూడు మాటలు ఒక్కటేనా? అటుదిటు ఇటుదటు మారిస్తే ఎవలకన్న తెలుస్తదా?"

"అన్నీ ఖరీదైనవనే కదండీ అర్థం."

"గట్లనుకుంటే ఒక్కటే రాయి, మూడెందుకు? లగ్జూరియస్ అంటే సుఖపడే ఒళ్లు కనబడాలె. లావిష్ అంటే వెనకాముందు చూడకుంట పోసిన చెయ్యి కనబడాలె. ఓపులెంట్ అంటే, ఉన్నదని నలుగురి కండ్లు చెప్పాలె. ప్లష్ అంటే మెత్తదనం, ముట్టుకోకుంట రాయొద్దు. పలేషియల్ అంటవా, రాజమహలంత అన్నట్టు, జర నడిసి చూసి రాయి."

అప్పుడే ఆవిడ పద్ధతి తెలిసింది. ప్రతి పేజీకి కుడివైపు మూడంగుళాలు ఖాళీ వదలాలి. విశేషణం రాసిన ప్రతిచోటా, దానికి ఎదురుగా ఆ ఖాళీలో పెన్సిల్‌తో సాక్ష్యం రాయాలి. అక్కడికి వెళ్లి చూసిందో, ముట్టుకున్నదో, నడిచిందో. అదీ తెలుగులో. ఇంగ్లీషులో అబద్ధం ఆడితే మనకే తెలియకుండా పోతుందని, తెలుగులో రాస్తే మన మొహం మనకే నవ్వొస్తుందని ఆవిడ నమ్మకం. ఆఫీసంతా దీన్ని సుగుణమ్మ కోర్టు అని ఎగతాళి చేసేది. నేనూ నవ్వాను, దాచడమెందుకు. కానీ ఆ ఎండల్లో షేర్ ఆటో పట్టుకుని సైట్లు తిరిగి తిరిగి, ఆరు నెలలకు నాకు మాటల బరువు తెలిసొచ్చింది. అరచేత్తో సోఫా నిమిరి చూడకుండా ప్లష్ అని రాయడానికి చెయ్యి వచ్చేది కాదు.

ఆ తర్వాత ఆ పెద్ద ప్రాజెక్టు వచ్చింది. మా ఆఫీసుకు అంత పెద్దది అదే మొదలు. నమూనా ఫ్లాటు చూడటానికి మేడంతో వెళ్లాను. హాలు నిజంగానే పలేషియల్. ఈ చివరి నుంచి ఆ చివరికి ముప్ఫై నాలుగు అడుగులు వేసి, సాక్ష్యం రాసుకున్నాను. వంటింటి వెనక ఒక సన్నటి తలుపు ఉంది. "అది స్టాఫ్ సూట్ మేడం, పనివాళ్లకి" అన్నాడు అమ్మకాల మేనేజరు, అటు వెళ్లకుండా పక్కకు జరుగుతూ. మేడం లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. రెండు నిమిషాలైనా ఉలుకూ పలుకూ లేదు. నేను కంగారుపడి తలుపు తోశాను. అది లోపలికి తెరుచుకునే తలుపు. బెత్తెడు కదిలి ఆగిపోయింది.

"తొయ్యకు, నా కాళ్లకు తాకుతది" అని లోపలినుంచి వినిపించింది. "పండుకున్న. మనిషి పండుకున్నంక తలుపు తెరుసుకుంటలేదు. రాసుకో."

ఆవిడ లేచి చీర దులుపుకుంటూ బయటికి వచ్చారు. మేనేజరు మొహం నల్లబడింది. ఆవిడ టేపు తీసి కొలిచారు. పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగున్నర అడుగులు. కిటికీ లేదు. "పొద్దంత చాకిరి చేసి వచ్చిన ఆడామె ఈడ ఊపిరి ఎట్ల తీసుకుంటది?" అని నన్నడిగారు. నేను కొలతలు రాసుకున్నాను.

మేడం రాసిన ప్రతిలో ఆ గదికి విశేషణం లేదు. కొలతలు, కిటికీ లేదన్న మాట, అంతే. బిల్డరు కాగితం విసిరికొట్టాడట. మా డైరెక్టర్ మురళిగారు నన్ను క్యాబిన్‌లోకి పిలిచి, తలుపు వేసి, టీ ఇప్పించారు. "చూడు శేఖర్, పెద్దావిడ పాతకాలం మనిషి. నువ్వు చదువుకున్నవాడివి. ఆ గదికి ఏదైనా మంచి మాట వెయ్యి. నీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఇక్కడే ఉంది" అన్నారు. నేను టీ తాగి, నా సీటుకు వచ్చి, "ప్లష్ స్టాఫ్ సూట్" అని రాశాను. నా మీద నాకున్న కోపంలో సగం ఆ టీ మీదే. ఎంత చక్కగా చప్పరించి తాగానో.

మేడం ఆ పేజీ చదివారు. నన్ను తిడతారని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. ఖాళీ మార్జిన్ మీద వేలు పెట్టి, "ఏం ముట్టుకున్నవు బిడ్డా ఈడ, మెత్తగ?" అన్నారు. ఆవిడ ఆ పేజీ పట్టుకుని మురళిగారి దగ్గరకు వెళ్లి, ఆ మాట పోతే తప్ప ప్రతి మీద తన సంతకం ఉండదని చెప్పారు. మాట ఉండిపోయింది, ఆవిడను పంపేశారు. ఇన్నేళ్ల మనిషికి ఒక వీడ్కోలు మాట కూడా లేదు. ఆవిడ మాత్రం గుడ్డసంచిలోంచి టేపు తీసి నా బల్ల మీద పెట్టి, "పనికొస్తది, ఉంచుకో" అన్నారు. కోపంగా కూడా కాదు. మరుసటి వారం ఆవిడ సీటు నాకిచ్చి, కొత్త కుర్చీ వేయించారు. చేత్తో నొక్కి చూశాను. ఆ తర్వాత నేను రాసిన ప్లష్‌లన్నిటికీ సాక్ష్యం ఆ కుర్చీ ఒక్కటే.

ఆ ఫ్లాట్లన్నీ అమ్ముడుపోయాయి. ఆ గదుల్లో ఇప్పుడు మనుషులు పడుకుంటున్నారు. వాళ్లను పడుకోబెట్టిన మాట నాది. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు, పైగా జీతం పెంచారు. అదే నన్ను దహించింది. పేదవాడి గది మీద కూడా డబ్బున్నవాడి మాట అతికించి అమ్ముకునే ఈ ఊరి తెలివికి చెంపదెబ్బ కొట్టాలనిపించేది. కొట్టవలసిన మొదటి చెంప నాదే.

మొన్న వచ్చిన నమూనా చివరి పేజీలో ఉంది, లగ్జూరియస్ స్టాఫ్ రూమ్ అని. నా సంతకం పడితే ప్రెస్సుకు వెళ్లిపోతుంది. ఆ మధ్యాహ్నమే ఆవిడ టేపు పట్టుకుని సైటులోని నమూనా ఫ్లాటుకు వెళ్లాను. వంటింటి వెనక అదే సన్నటి తలుపు. నిన్న ఉదయం ఆ పేజీని కుడివైపు మూడంగుళాలు వదిలి మళ్లీ ప్రింటు తీశాను. విశేషణం కొట్టేసి, కొలతలు వేసి, మురళిగారి బల్ల మీద పెట్టాను.

"ఇన్నాళ్లకు నీకేమొచ్చిందయ్యా? ఎవరు రాయమన్నారు ఇది?" అన్నారాయన. ఆవిడను పంపినప్పటి గొంతే. సోమవారం నాకు సీటు ఉంటుందో లేదో తెలియదు.

"మార్జిన్ చూడండి" అన్నాను.

అక్కడ పెన్సిల్‌తో, తెలుగులో రాసి ఉంది: పడుకున్నాను. తలుపు తెరుచుకోలేదు.