అత్తకు కుడిపక్కన

నా చిన్నప్పుడు మా ఇంట్లో చెవి దురదను ఎవరూ రోగం కింద లెక్కపెట్టేవాళ్లు కాదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మా అవ్వ అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని, చూరులో దాచిన కోడి ఈక తీసి చెవిలో పెట్టి మెల్లగా తిప్పేది. కళ్లు సగం మూతలు పడేవి. ఆ ముఖంలోని సుఖం చూస్తుంటే పక్కన కూర్చున్న వాళ్లకు కూడా చెవులు దురద పెట్టేవి. మా బాపుకు ఈకతో పని లేదు, అగ్గిపుల్ల చాలు. దేవరకొండ పక్కన ఉన్న మా ఊళ్లో ప్రతి ఇంటికీ ఇట్లాంటిది ఏదో ఒకటి ఉండేది.

ఎండాకాలం వస్తే పిల్లలమంతా మోటబావిలోనే. నడుముకు బెండు కట్టుకుని దూకితే పొద్దు వాలేదాకా పైకి వచ్చేది లేదు. బావి నీళ్లు పాకురు పట్టి ఆకుపచ్చగా ఉండేవి. ఆ ఏడు నా ఎడమ చెవిలో నీళ్లు చేరి దురద మొదలైంది. నేనూ అవ్వలాగే కూర్చుని, ఈక దొరక్క జొన్నపుల్ల తీసుకున్నాను. తిప్పినంతసేపు హాయిగా ఉండేది. ఆపిన కాసేపటికి దురద రెట్టింపయ్యేది. మళ్లీ పుల్ల. కొన్నాళ్లకు దురద పోయి నొప్పి వచ్చింది. దవడ కదిలిస్తే నొప్పి, ఆ పక్కకు పడుకుంటే నొప్పి. అయినా చెయ్యి చెవి దగ్గరికే పోయేది.

ఇక్కడ మా అత్త గురించి చెప్పాలి. మా బాపుకు అక్క. వెనుక వాడలోనే ఆమె ఇల్లు. ఆమెకు ఎడమ చెవి వినబడదు. ఆ పక్కనుంచి పిలిస్తే పలకదు కాబట్టి పిల్లలు వెక్కిరించేవాళ్లు, పెద్దవాళ్లు విసుక్కునేవాళ్లు. ఆమె మాత్రం నవ్వి, తల తిప్పి కుడిచెవి ఇచ్చేది. ఆ చెవి ఎట్లా పోయిందో మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. పుట్టుకతోనే అంతే అనుకునేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం నొప్పికి తట్టుకోలేక గట్టిగా ఏడ్చాను. బాపు పొలం పోయాడు. అమ్మ కంగారుపడింది. అవ్వ ఏవో ఆకులు కోసుకొచ్చి రోట్లో దంచి, పసరు పిండి నూనెలో వేసి కాచింది. గిన్నె పట్టుకుని వచ్చేసరికి నా ఏడుపు విని అత్త కూడా వచ్చింది.

"ఒక్క చుక్క పోస్తే మల్ల ఏడ్వది. జర పిల్ల తల ఒంచుండ్రి" అన్నది అవ్వ.

అత్త నా పక్కన కూలబడి అరచేత్తో నా చెవి మూసింది.

"వద్దమ్మా. పొయ్యొద్దు."

"నీకేం తెల్సే? మీకందరికి నేనే పోసిన గద!"

"పోసినవ్. గందుకే చెప్తున్న."

అవ్వ చేతిలో గిన్నె అట్లాగే ఉండిపోయింది. అత్త గొంతులో కోపం లేదు. "నా ఏడ్పు సూడలేక పోసినవ్ అమ్మా, నాకు తెల్సు. నా చెవికి గా సంగతి తెల్వది గద" అన్నది.

పసరే ఆ చెవిని తీసిందో, అప్పటికే లోపల చీము పట్టి పొరకు చిల్లు పడి ఉన్నదో, ఇప్పుడు ఎవరు చెప్పగలరు? ఆ రోజు నాకు తెలిసింది ఒక్కటే. అత్తకు కూడా నా వయసులో ఇదే చెవి, ఇట్లాగే నొప్పి పెట్టింది.

దవాఖానకు తీసుకుపోవాలంటే మరునాడు పొద్దున బస్సు వచ్చేదాకా ఆగాలి. ఆ మాట అనుకునేంతలోనే నా వేలు మళ్లీ చెవిలోకి పోయింది. అత్త చూసింది. కొట్టలేదు, తిట్టలేదు. "గోరింటాకు పెట్టుకుంటవా బిడ్డా?" అని అడిగింది.

ఆషాఢం ఇంకా రానేలేదు. ఆషాఢానికి ముందు గోరింటాకు పెట్టడం మా ఇంట్లో లేదు. అమ్మ అవ్వ ముఖం చూసింది. అవ్వ పసరు గిన్నె కింద పెట్టి పెరట్లోకి పోయింది. కొంగు నిండా గోరింటాకు తెచ్చింది. ఆకులు దంచిన ఆ రోలునే నీళ్లు పోసి కడిగి, అందులోనే రుబ్బింది.

అత్త నా రెండు చేతులకూ వేళ్ల కొసల దాకా దట్టంగా పెట్టి, ఆముదపాకులు చుట్టి దారం కట్టింది. "ఎర్రగ పండాల్నంటే చేతులు కదలనియ్యొద్దు" అన్నది. ఆ ఎరుపు మీది ఆశ నొప్పి కన్నా పెద్దదైంది. దురద వచ్చినప్పుడల్లా చెయ్యి లేచేది, ఆకు చుట్టిన వేళ్లు చూసి దిగేది. అత్త గుడ్డ వెచ్చచేసి, వేడి తన చెంప మీద చూసుకుని, చెవి బయట అద్దుతూ కూర్చుంది.

నా లోపల ఒక భయం ఉంది. దాన్ని ఎవరికీ చెప్పలేక, ఆమె వినబడని చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా అడిగాను. "నాక్కూడ గిట్లనే అయితదా అత్తా?"

అత్తకు వినబడలేదు. మెడ మీద నా ఊపిరి తగిలి నవ్వింది. "చక్కిలిగిలి పెడ్తున్నవా? ఏమన్నవో గీ పక్కకొచ్చి చెప్పు" అన్నది. నేను కుడిపక్కకు జరిగాను. ఆ ప్రశ్న మళ్లీ అడగలేకపోయాను. "నొప్పి తగ్గింది" అని చెప్పాను.

మరునాడు దేవరకొండ దవాఖానలో డాక్టరు దీపం పెట్టి చూశాడు. లోపలి పొర బాగానే ఉందని, గీకి గీకి చర్మం పుండు చేసుకున్నానని చెప్పాడు. మందు ఇచ్చి, మానేదాకా చెవిలోకి నీళ్లు పోనివ్వద్దన్నాడు. గులిమి దానంతట అదే బయటికి వస్తుందట, పుల్లలూ ఈకలూ పెట్టేది లేదన్నాడు. ఎర్రగా పండిన నా చేతులు చూసి, "చెవినొప్పికి గోరింటాకా?" అని నవ్వాడు.

"చెవికి గాదు సారూ, చేతులకు" అన్నది అత్త.

నా చెవి మానింది. అవ్వ మాత్రం ఈక మానలేదు. కాకపోతే అత్త వస్తుంటే గబుక్కున కొంగులో దాచుకునేది. పసరు గిన్నె మాత్రం మళ్లీ ఎవరి చెవి దగ్గరికీ తేలేదు.

ఉద్యోగం చేసి రిటైరై ఇప్పుడు దేవరకొండలోనే ఉంటున్నాను. పగలంతా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే నా మనుమరాలు మొన్న దురదకు దూది పుల్ల తీసింది. చేతిలోంచి మెల్లగా తీసుకుని డాక్టరు దగ్గరికి బయలుదేరదీశాను. దారిలో అడిగింది, "నానమ్మా, ఎవ్వరితోని నడిచినా కుడిపక్కకే వస్తవెందుకు?"

నేను గమనించనే లేదు. రోజూ రాసే డైరీలో ఎన్నో రాసుకున్నాను కానీ, ఈ సంగతి నాకు తెలియకుండానే నా కాళ్లు రాసుకున్నాయి. అత్త పోయేదాకా ఆమెకు కుడిపక్కనే నడిచాను. ఇప్పుడు ఎవరితో నడిచినా ఆ పక్కకే జరుగుతాను, నా మాట వినబడాలని.