భీమమ్మ పోయించిన మూడు నీళ్లు

కరువులో మిద్దె కడగడమేమిటని నేను అడగలేదు. అడిగే నోరు నాకప్పుడు లేదు. అది 1952 వేసవి, నాకు పెళ్లయి ఏడాది. కడప దగ్గర పెన్న ఒడ్డున పుట్టినదాన్ని, పత్తికొండ తాలూకాలో ఉన్న మా మామ దేవేంద్రప్ప ఇంటికి కోడలిగా వచ్చాను. నేను వచ్చేసరికే ఆ ఊళ్లో సరైన వాన పడి రెండేళ్లు. ఊరి బావిలో బురద కూడా ఎండిపోయింది. నీళ్లున్నది మా పెరటి బావిలోనే. దానికి గోడ, గోడకు తలుపు, తలుపుకు తాళం. తాళంచెవి మా మామ మొలతాడుకు ఉండేది.

అలాంటి ఊరికి కరువు చూసిపోవడానికి ఒక ఆఫీసరు వస్తున్నాడని, మా ఇంట్లోనే దిగుతాడని కబురొచ్చింది. ఆ ఉడుకులో ఎవరైనా మిద్దె మీదే పడుకుంటారు. మిద్దె మీద చూస్తే గమేక్సిన్ కంపు. విత్తనానికని దాచిన వేరుశనక్కాయలు అక్కడ ఆరబోసి, చీమలు పట్టకుండా ఆ మందు పొడి చల్లింది నేనే. కొత్త కోడలి చేయి కదా, ఉప్పుకైనా మందుకైనా కొలత తెలియదు. గుప్పెడు చల్లాల్సిన చోట డబ్బా బోర్లించాను. కరువు చూడవచ్చిన పెద్దమనిషి ముక్కు మూసుకుని పడుకుంటే పరువేం కావాలని మా మామకు దిగులు పట్టుకుంది. భీమమ్మకు కబురు పెట్టాడు.

భీమమ్మ బతుకంతా మిద్దెల మీదే గడిచింది. మొగుడు సున్నం బట్టీలో పడి పోయాక ఆమె నమ్ముకున్న పని అది. చుట్టుపక్కల ఊళ్లలో గచ్చు మిద్దె ఉన్న ప్రతి ఇంటికీ ఏటా వానలకు ముందు ఆమె రావాల్సిందే. పిట్టల రెట్టలు గీకడం, గోడల్లో మొలిచిన రావి మొక్కలు వేళ్లతో సహా పీకడం, పాచి రుద్ది కడగడం, పగుళ్లకు సున్నం మెత్తడం, అన్నీ ఆమె చేసేది. వట్టి కాళ్లతో ఒక చుట్టు నడిచి, మడమతో తట్టి, గచ్చు ఎక్కడ బోలుగా ఉందో చెప్పేది. ఆమె చెప్పిన చోట తవ్వితే తప్పేది కాదు. తాపీ మేస్త్రీలు కూడా ఆ మడమకు ఎదురు చెప్పేవారు కాదు. పని బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే ముఖం చిట్లించి, వాన పడ్డాక చెప్పండి అనేది.

మా మిద్దె ఎక్కి, పొడిని వేలితో తీసి వాసన చూసింది. ఒక్క నీళ్లకు పోదు, మూడు నీళ్లు పోయాలని తేల్చేసింది. మా అత్త రామేశ్వరమ్మ గుండెలు బాదుకుంది. మనుషులకు గొంతు తడుపుకోవడానికి లేకపోతే మిద్దెకు మూడు స్నానాలా అంది. మా మామ మాత్రం సరేనన్నాడు. ఊరి ఆడవాళ్లు కడవలతో వచ్చి తలుపు దగ్గర నిలబడితే బావి అడుగంటుతుందన్న మనిషి ఆయనే. నేను నోరు విప్పలేదు. ఆ సంగతి దాచుకుని లాభం లేదు.

మర్నాడు తెల్లవారకముందే పని మొదలైంది. మా జీతగాడు చిన్న ఈరన్న తోడుతుంటే, భీమమ్మ వెంట వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు పెరటి నిచ్చెన ఎక్కి కడవలు మోశారు. ప్రతి కడవా మిద్దెకే పోతున్నదా లేదా అని మా మామ బావి దగ్గరే మంచం వేసుకుని కాపలా కాశాడు. పైన భీమమ్మ ముందు పొడిగా ఊడ్చి, తర్వాత ఈత చీపురుతో రుద్దుతూ నీళ్లను వెనక మూలకు నడిపించింది. అక్కడ ఒక రాతి దోనె ఉంది. వాన నీళ్లు దాని గుండా వెనక సందులోకి దూకేవి. ఒక నీళ్లకూ ఇంకో నీళ్లకూ మధ్య ఆమె చాలాసేపు ఆగింది. మిద్దె నానాలి కాబోలు, ఎంత శ్రద్ధ అని నేను మురిసిపోయాను.

పొద్దు బాగా ఎక్కాక, సందు బురదయిందేమో చూసి రమ్మని అత్త పంపింది. వెనక తలుపు తీసి చూశాను.

దోనె కింద ఊరి ఆడవాళ్లు ముప్పై మంది దాకా వరుసగా నిలబడి ఉన్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. నీళ్ల దగ్గర ఆడవాళ్లు నోరు మూసుకుని ఉండటం నేను పుట్టి ఎరగను. మొదటి నీళ్లు నేలలోకి వదిలేసినట్టున్నారు. రెండో నీళ్లు వాడకానికని పాత కుండల్లో పక్కన పెట్టారు. ఇప్పుడు మూడో నీళ్లు దూకుతున్నాయి. కడవల మూతులకు చీర పేలికలు నాలుగు మడతలుగా కట్టి, ఆ నీళ్లు పడుతున్నారు.

డబ్బా బోర్లించిన చేయి నాదే. తాగొద్దండి, అందులో మందు ఉంది, చచ్చిపోతారు అన్నాను. ఒక్కరూ నా మాట పట్టించుకోలేదు. తలలెత్తి మిద్దె మీదికి చూశారు. పైనుంచి భీమమ్మ నన్ను చూసి, నిచ్చెన దిగి నెమ్మదిగా వెనక తలుపు దగ్గరికి వచ్చింది.

"తెలుసమ్మా. తాగేది ఇప్పుడు గాదు, పొద్దు నడినెత్తికి వచ్చినంక" అంది.

అంతదాకా ఎందుకని అడిగాను.

"మొదటి నీళ్లు నేను తాగినా, చెంబుడు. ఆ నీళ్లకే నాకేం గాకుంటే, మూడో నీళ్లకు పిల్లోళ్లకు ఏం గాదు."

గచ్చు ఎక్కడ బోలుగా ఉందో చెప్పే గొంతుతోనే ఆ మాట చెప్పింది. ఇలాంటి లెక్క ఒకటి ఉంటుందని, ఒక మనిషి పొద్దున్నే లేచి అది వేసుకుని పనిలోకి వస్తుందని నాకు ఊహకైనా అందలేదు. అప్పుడు చూశాను, చీపురు పట్టుకున్న ఆమె చేయి వణుకుతోంది. ఎండకేలే అంది. ఆ వణుకు వరుసలో వాళ్లూ చూశారు. కడవ ఎత్తి తాగినవాళ్లు లేరు, పారబోసినవాళ్లూ లేరు.

లోపలికి పరుగెత్తి చింతపండు పిసికిన నీళ్లు తెచ్చి ఆమెచేత తాగించాను. భళ్లున కక్కుకుంది. ఆమెను గోడకు చేరగిల వేసి, పెళ్లయిన నాటి నుంచి ఎదుట నిలబడి మాట్లాడని మామ ముందుకు వెళ్లాను. ఉన్నమాట చెబితే ఏం చేస్తాడో తెలుసు. నిచ్చెన తీయించి, సందులో వాళ్లను తరిమించేవాడు.

"వాసన ఇంకా ఉండాది మామా. ఇంకా నీళ్లు పోయల్ల" అన్నాను.

కోడలు మాట్లాడినందుకో, బావి తలుచుకునో, ఆయన మంచం మీంచి లేచాడు. ఆఫీసరు ముక్కు గుర్తు చేశాను. తోడమని ఈరన్నకు చెయ్యి ఊపాడు.

ఆ ఇద్దరు ఆడవాళ్లతో పాటు నేనూ మోశాను. మిద్దె మీద ఒక్క చుక్క పోయలేదు. దోనెను బూడిదతో తోమి కడిగి, కడవ మూతి నేరుగా దోనెలోనే పెట్టి వంచాం. పట్టినవి పారబోయమని కిందివాళ్లను బతిమాలాను. కొత్త కడవ నిండాక గానీ పాతది వంచినవాళ్లు లేరు.

దిగి సందులోకి వెళ్లి, ఇవి బావి నీళ్లే, మిద్దెను తాకలేదు, తాగండి అని చెప్పాను. మూడేళ్ల పిల్ల ఒకటి కడవకు మూతి ఆనించబోతే తల్లి రెక్క పట్టి వెనక్కి లాగింది.

అందరూ భీమమ్మను చూస్తున్నారు. ఆమె కూర్చున్న చోటు నుంచే దోసిలి పట్టింది. నేను పోశాను. పుక్కిలించి ఉమ్మి, రెండో దోసిలి మింగి, కళ్లు మూసుకుంది. ముప్పై మందితో పాటు నేనూ ఆ ముఖాన్నే చూస్తూ నిలబడ్డాను.

"తాగండి" అంది.

అప్పుడు తాగారు. సాయంత్రానికి భీమమ్మ లేచి, మిగిలిపోయిన మూల ఊడ్చి మరీ వెళ్లింది.

నేను చెప్పింది నిజం. నీళ్లు నా చేతులతో మోశాను. అయినా నా మాట మీద ఆ ఊళ్లో పసిపిల్ల కూడా గుక్కెడు నీళ్లు తాగలేదు. వాళ్ల తప్పేం లేదు. ఏడాదిగా ఆ తాళం వేసిన తలుపుకు లోపలివైపు కూర్చుని, రోజూ ఆ నీళ్లే తాగినదాన్ని నేను.